ఋతుచక్రము - గర్భాశయ కణముల సంకేత భాష

వేలూరు నుండి గుడియాత్తమునకు పోవు దారి సుమారు ముప్పది కిలోమీటర్లు. పాలాఱు దాటి కాట్పాడి, కె. వి. కుప్పము మీదుగా పోయినచో, కౌండిన్య నదీతీరమున, చేనేతకును అగ్గిపెట్టెల పరిశ్రమకును పేరుపొందిన గుడియాత్తము పట్టణము వచ్చును. 1911లో చిత్తూరు మండలము వేఱుపడువరకు ఈ సీమయంతయు ఉత్తర ఆర్కాటు మండలములోనిదే. ఆ మండలమునకు అప్పుడు చిత్తూరే ముఖ్యపట్టణము. సరిహద్దు గీతలు మాఱినను కుటుంబములు కదలలేదు. ఇంట తెలుగును, వీథిలో తమిళమును మాటలాడువారు నేటికిని ఈ ప్రాంతమున గలరు.

ఈ దారికి వైద్యచరిత్రలో ఒక స్థానము గలదు. ఇడా సోఫియా స్కడ్డరు 1900లో వేలూరున చిన్న వైద్యశాల తెఱచి, 1902లో షెల్ ఆసుపత్రిని, 1918లో స్త్రీల వైద్యపాఠశాలను నెలకొల్పెను. నేటి క్రైస్తవ వైద్య కళాశాలకు అదియే మూలము. వేలూరికి రాలేని పల్లెవారి కొఱకు ఆమె గుడియాత్తము దారిన పోవుచు, నడుమ నడుమ ఆగి, చెట్లనీడలలో రోగులను చూచుచుండెను. తరువాత రోడ్డుపక్క వైద్యశాలలని పేరొందినవి ఇట్లు పెరిగినవే. ఆమె వైద్యవిద్యకు పూనుకొనుటకు కారణముగా చెప్పబడు తిండివనపు రాత్రి కథ చాలమంది యెఱిగినదే. ఒకే రాత్రి ముగ్గురు పురుషులు వేఱువేఱుగా వచ్చి, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలకు సాయపడుమని ఆమెను వేడుకొనిరి. ఆమె అప్పటికి వైద్యురాలు కాదు. వైద్యుడైన తన తండ్రి వచ్చునని ఆమె చెప్పగా, పరపురుషుడు రాగూడదని వారు మరలిపోయిరి. తెల్లవాఱుసరికి ఆ ముగ్గురు స్త్రీలును మరణించిరి.

నేడు ప్రసవ సమయమున వైద్యుని పిలుచుటకు వెనుకాడు ఇల్లు అరుదు. కాని స్త్రీదేహమును గూర్చి పలుకరాదను నాటి మౌనము మఱియొక చోట చెక్కుచెదరక నిలిచియున్నది. ముట్టు, బహిష్టు, దూరముండుట అను మాటలు చాటుననే పలుకబడును. నెలకు రెండుసార్లు రక్తము పోయినను, పది పదునైదు దినములు ఆగకున్నను, ఆ సంగతి ఇంటిలోని పురుషులకు తెలియదు. తల్లికి చెప్పుకొన్నచో ఆడుదానికి ఇది మామూలే యను సమాధానము వచ్చును. భరింపరానిదైన పిదప వైద్యునియొద్దకు పోగా, అచ్చట పెక్కుమంది వినుచున్న మాట యొకటి గలదు: గర్భసంచి పాడైనది, తీసివేయవలెను.

ఈ మాట ఎంత తఱచుగా వినబడుచున్నదో లెక్కలే చెప్పుచున్నవి. 2019-21 నాటి అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణము ప్రకారము, దేశము మొత్తముమీద 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఎనిమిదిమందికి పైగా. దేశమంతటిలోను తెలుగు స్త్రీలే ఈ విషయమున ముందున్నారు. ఇది గర్వింపదగిన ప్రథమస్థానము కాదు. కాన్సరు, ఎంతకును లొంగని రక్తస్రావము, మిక్కిలి పెరిగిన కంతులు మొదలగు వానియందు ఈ శస్త్రచికిత్స ప్రాణములు నిలుపును, దానిని కాదనరాదు. అయితే అవసరము లేని చోటను ఇది జరుగుచున్నదను అభియోగము సుప్రీముకోర్టు వరకు పోయినది. 2023 ఏప్రిలులో ఆ న్యాయస్థానము, ఇట్టి శస్త్రచికిత్సలను అరికట్టుటకై కేంద్రప్రభుత్వము రూపొందించిన మార్గదర్శక సూత్రములను అమలుపఱచవలసినదిగా రాష్ట్రముల నాదేశించెను.

పాడైనది అను మాట సరియైనదా అనునదియే ఇచ్చట ప్రశ్న. నెలనెలయు గర్భాశయమున జరుగు మార్పు ఆ యవయవము తనంత తానుగా చేయు పని కాదు. అండాశయము పంపు హార్మోనులును, ఆ హార్మోనుల ఆజ్ఞను ఒక కణము మఱియొక కణమునకు చేరవేయు సంకేతములును కలిసి దానిని నడుపుచున్నవి. సంకేతము అందనప్పుడు గర్భాశయము క్రమము తప్పును. అట్టి యెడ యవయవము పాడైనదనుట, ఉత్తరము రాలేదని తపాలా పెట్టెను పగులగొట్టుట వంటిది. ఈ సంకేతముల వృత్తాంతము గత నూఱేండ్లలో కొంచెము కొంచెముగా బయటపడినది.

గర్భాశయపు గోడలో అధికభాగము కండరము. దానికి లోపల ఎండోమెట్రియమను మెత్తని లోపొర యుండును. నెలనెలయు పెరిగి రాలునది ఈ లోపొరలోని పైభాగము మాత్రమే. అడుగుభాగము నిలిచియుండి మరుసటి నెల పంటకు వేరుదుబ్బువలె పనిచేయును. లోపొరలో ముఖ్యముగా రెండు జాతుల కణములు గలవు. పైన పఱచుకొని, లోనికి గొట్టములవలె దిగి గ్రంథులుగా ఏర్పడు ఉపకళా కణములు ఒక జాతి. వానిక్రింద నిండియుండి వానికి ఆధారమిచ్చునవి రెండవ జాతి; వీనిని ఆధారకణములని పిలువవచ్చును. రక్తనాళములు ఈ ఆధారకణముల నడుమనుండియే మెలికలు తిరుగుచు పైకి పోవును. గుడియాత్తపు నేతగాండ్రకు ఈ కూర్పును సులభముగా చెప్పవచ్చును: ఒకటి పడుగు, ఒకటి పేక. ఒకదానిలో పోగు తెగినచో వస్త్రము రెంటను చెడును.

మెదడులోని హైపోథాలమస్ ఇంచుమించు గంటగంటన్నరకు ఒకసారి చిన్న విడతగా ఒక హార్మోనును విడుచును. దానిచే ప్రేరితమై పీయూషగ్రంథి తన రెండు హార్మోనులను పంపును. అవి అండాశయములోని పుటికను పెంచును. పెరుగుచున్న పుటిక ఈస్ట్రోజెనును స్రవించును. సుమారు చక్రమధ్యమున అండము విడుదలయైన పిదప, ఖాళీయైన ఆ పుటికయే పచ్చని ముద్దగా మాఱి ప్రొజెస్టిరోనను రెండవ హార్మోనును అధికముగా స్రవించును. దీనికి కార్పస్ లూటియమని పేరు. పచ్చని దేహమని ఆ లాటిను మాటకర్థము. గర్భము రానిచో రెండు వారములలో అది వాడిపోవును. ఈస్ట్రోజెను ఉనికిని 1923లో అమెరికాలో ఎడ్గార్ ఆలెన్, ఎడ్వర్డ్ డాయిసీలు చూపిరి. కార్పస్ లూటియపు సారమునకు గర్భమును నిలుపు శక్తి గలదని 1929లో జార్జి కార్నర్, విల్లర్డ్ ఆలెన్ అనువారు నిరూపించిరి. 1934లో ప్రొజెస్టిరోను శుద్ధరూపమున లభించెను. ఇంతవరకు పాఠ్యపుస్తకములలో నున్నదే. అసలు చిక్కు ఇక్కడనుండి మొదలగును.

హార్మోను రక్తముతో శరీరమంతటను తిరుగును. చేతివ్రేలికిని, గర్భాశయమునకును అందు ఈస్ట్రోజెను ఒకటే. గర్భాశయము మాత్రమే ఇంతగా ఏల స్పందించును? 1950ల చివర చికాగో విశ్వవిద్యాలయమున ఎల్వుడ్ జెన్సన్ ఈ ప్రశ్నకు సమాధానము వెదకెను. రేడియోధార్మిక హైడ్రొజనుతో గుర్తుపెట్టిన ఈస్ట్రడియోలును ఆడ ఎలుకల కిచ్చి, అది ఎచ్చట నిలుచునో చూచెను. ఇతరాంగములనుండి అది త్వరగా జాఱిపోయెను; గర్భాశయము మాత్రము దానిని గట్టిగా పట్టియుంచుకొనెను. అంతేకాదు, హార్మోను రసాయనికముగా ఏ మార్పును పొందకయే పని చేసెను. అనగా అది ఇంధనము కాదు, ఆజ్ఞాపత్రము. ఆ పత్రమును చదువగల ప్రోటీను గర్భాశయ కణములలో గలదు. దానినే గ్రాహకమందురు. ఈస్ట్రోజెను తగులగానే గ్రాహకము రూపు మార్చుకొని, కేంద్రకములోని డి.ఎన్.ఎ. మీద తనకు తగిన చోట కూర్చుండి, కొన్ని జన్యువులను మేలుకొలుపును. 1980ల నడుమ ఈ గ్రాహకపు జన్యువును వేఱుచేసిరి. 1996లో రెండవ రకపు గ్రాహకమును కనుగొనిరి.

ఆజ్ఞ కేంద్రకమున కందుటతో పని ముగియదు. కణము నుండి కణమునకు, కణపు పైపొర నుండి లోపలికి, ఆ వార్త ఎట్లు సాగును? ఇచ్చట ఒక తెలుగువాని పేరు తలపక తప్పదు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, 1923లో హార్వర్డునకు పోయిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కెతో కలిసి 1925లో భాస్వరమును కొలుచు సులభమార్గమును ప్రకటించెను. ఆ కొలమానము వెంట నడచియే వారు 1929లో ఎ.టి.పి. అను పదార్థమును కండరమునుండి వేఱుచేసిరి. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ కూడ స్వతంత్రముగా దానిని కనుగొనెను. ఎ.టి.పి.ని కణపు శక్తినాణెమని అందఱు నెఱుగుదురు. అది సంకేతములకును మూలద్రవ్యమను సంగతి అంతగా ప్రచారములోనికి రాలేదు. కణములోని కైనేజులను ఎంజైములు ఎ.టి.పి. చివరనున్న ఫాస్ఫేటును తీసి మఱియొక ప్రోటీనునకు తగిలించును. తగిలించినంతనే ఆ ప్రోటీను మేల్కొనును, లేదా నిద్రించును. 1950ల నడుమ ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కనుగొన్న కీలకమిది. అదే దశకపు చివర ఎర్ల్ సదర్లండ్ మఱియొక విశేషమును వెల్లడించెను: హార్మోను కణపు గడప యొద్దనే ఆగినను, లోపల ఎ.టి.పి. నుండి చక్రీయ ఎ.ఎం.పి. అను చిన్న అణువు పుట్టి వార్తను మోయును. గర్భాశయపు కథలో ఈ రెండవ దూత మరల వచ్చును.

మొదట శాస్త్రజ్ఞులు అనుకొన్న దేమనగా, ఉపకళా కణములలో గ్రాహకములున్నవి గనుక ఈస్ట్రోజెను వానినే నేరుగా ప్రేరేపించి పెంచుచున్నదని. ఇది సహజమైన ఊహ, కాని తప్పు. 1997లో పాల్ కుక్, జెరాల్డ్ కున్హా మొదలగువారు ఒక చక్కని ప్రయోగము చేసిరి. గ్రాహకము లేని ఎలుకల నుండి ఒక జాతి కణములను, గ్రాహకమున్న ఎలుకల నుండి మఱియొక జాతి కణములను తీసి, అటునిటు మార్చి కూర్చిరి. ఉపకళలో గ్రాహకమున్నను, క్రింది ఆధారకణములలో లేనిచో ఈస్ట్రోజెను ఇచ్చినను ఉపకళ పెరుగలేదు. ఉపకళలో గ్రాహకము లేకున్నను, ఆధారకణములలో నున్నచో అది పెరిగెను! పేక కదలవలెనన్న ఆజ్ఞ పడుగు ద్వారా వచ్చుచున్నది. ఈస్ట్రోజెను మాట వినిన ఆధారకణములు ఇన్సులిను వంటి వృద్ధికారకమును, ఫైబ్రోబ్లాస్టు వృద్ధికారకములను పైకి పంపును. అవి ఉపకళా కణపు పైపొరను తట్టగా లోపల కైనేజుల వరుస మొదలగును. ఒకటి మఱియొకదానికి ఫాస్ఫేటు నందించుచు, చివరకు కణవిభజన జరుగును. ఋతుస్రావము ఆగినప్పటి నుండి అండము విడుదల యగువరకు లోపొర కొన్ని మిల్లీమీటర్లు మందమగుట ఈ సంభాషణ ఫలితమే.

తరువాత ప్రొజెస్టిరోను వచ్చును. దీని మొదటి పని ఆపుట. 2011లో ఇంద్రాణీ బాగ్చీ, మిలన్ బాగ్చీలతో కూడిన ఇల్లినాయి పరిశోధక బృందము ఈ ఆపుట ఎట్లు జరుగునో ఎలుకలలో చూపెను. ప్రొజెస్టిరోను ఆధారకణములలో హ్యాండ్-2 అను ప్రోటీనును పుట్టించును. ఆ ప్రోటీను ఫైబ్రోబ్లాస్టు వృద్ధికారకముల ఉత్పత్తిని అణచును. పైకి పోవు ఉత్తరువు ఆగగానే ఉపకళ విభజన మాని, పోషకములను స్రవించు పనికి పూనుకొనును. హ్యాండ్-2 లేని ఎలుకలలో ప్రొజెస్టిరోను సమృద్ధిగా నున్నను ఉపకళ పెరుగుచునే యుండెను, పిండము నిలువలేదు.

వార్త క్రిందినుండి పైకే కాదు, పైనుండి క్రిందికిని పోవును. ప్రొజెస్టిరోను ఉపకళలో ఇండియన్ హెడ్జిహాగ్ అను ప్రోటీనును పుట్టించును. ఈ పేరులో భారతదేశమున్నను కనుగొన్నవారు మనవారు కారు. ఈగల పిండములపై జరిగిన పరిశోధనలో ముండ్లపందిని తలపించిన ఒక జన్యువునకు ఆ పేరు రాగా, దాని బంధువుకు మన దేశపు ముండ్లపంది జాతి పేరు పెట్టిరి. శాస్త్రజ్ఞుల సరసము అట్లుండును. ఈ ప్రోటీను క్రిందికి పోయి ఆధారకణములను మేలుకొలుపగా, అవి రాబోవు పిండమునకు పాన్పు సిద్ధపఱచును. సన్నగా కదురువలె నున్న కణములు గుండ్రముగా ఉబ్బి, గ్లైకొజెనును నింపుకొని, ప్రొలాక్టినును స్రవించును. దీనిని డెసిడువ మార్పు అందురు. ఇందుకు ప్రొజెస్టిరోను ఒకటియే చాలదు. సదర్లండ్ కనుగొన్న చక్రీయ ఎ.ఎం.పి. కూడ తోడుపడవలెను. ఒకటి కేంద్రకమునకు నేరుగా పోవు దూత, ఒకటి గడపయొద్ద పుట్టిన దూత. ఇద్దఱును కలిసినప్పుడే ఆధారకణము తన రూపు మార్చుకొనును.

ఎలుకకును మనిషికిని ఇచ్చట ఒక పెద్ద భేదము గలదు. ఎలుకలో పిండము వచ్చి తాకిన పిదపనే డెసిడువ మార్పు మొదలగును. స్త్రీలో పిండము వచ్చునో రాదో తెలియకముందే, ప్రతినెలయు, అతిథి కొఱకు ముందుగనే వండిపెట్టినట్లు, అది జరిగిపోవును. అతిథి రానిచో వండినదంతయు పాఱబోయవలసినదే. మనుష్యులు, కోతులలో కొన్ని జాతులు, కొన్ని గబ్బిలములు, మఱి రెండుమూడు చిన్న జంతువులు మాత్రమే ఋతుస్రావము గలవి. ముండ్ల చుంచు ఒకటి ఆ జాబితాలో చేరినది 2017లో మాత్రమే. బహిష్టు అపవిత్రతకు గుర్తని తలచువారు, అది కొన్ని జంతువులకే దక్కిన ముందుచూపు అని గ్రహింపవలసియున్నది.

పిండము నిలుచుటకు అనుకూలమైన కాలము అతిస్వల్పము; ఇరువదియెనిమిది దినముల చక్రమున ఇంచుమించు ఇరువదవ దినము మొదలు ఇరువదినాలుగవ దినము వరకు. గర్భోత్పత్తికి ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము అను నాలుగు సామగ్రులు కావలెనని సుశ్రుత సంహిత చెప్పినది. వానిలో క్షేత్రమనబడునది ఇదియే. అది ఎల్లప్పుడును సిద్ధముగా నుండదు. 1992లో కాలిన్ స్టివర్ట్ మొదలగువారు, గర్భాశయ గ్రంథులనుండి వచ్చు లిఫ్ అను ఒక సంకేత ప్రోటీను లేని ఆడ ఎలుకలలో పిండములు సక్రమముగా పెరిగియు గర్భాశయమున నాటుకొనవని కనుగొనిరి. అవే పిండములను ఇతర ఎలుకల గర్భాశయమున నుంచగా చక్కగా నిలిచినవి. బీజము మంచిదే, క్షేత్రమునుండి మాట లేదు. సంతానములేని ఇండ్లలో దోషమును స్త్రీమీదనో, పురుషునిమీదనో, జాతకముమీదనో మోపువారు ఈ ప్రయోగమును గుర్తుంచుకొనుట మేలు. పిండము నిలిచినచో అది తన హార్మోనును తల్లి రక్తములోనికి పంపి, కార్పస్ లూటియమును వాడిపోనీయక కాపాడును. గర్భనిర్ధారణ పరీక్షలో వెదకబడునది ఆ హార్మోనే. 1990లో లూయివిల్ విశ్వవిద్యాలయమున సి. వి. రావు మొదలగువారు ఈ హార్మోనునకు గర్భాశయమునందే గ్రాహకములున్నవని ప్రకటించిరి. అనగా పిండము అండాశయముతోనే కాక గర్భాశయముతోను నేరుగా మాటలాడుచుండవచ్చును.

పిండము రానిచో ప్రొజెస్టిరోను తగ్గును. రక్తస్రావమునకు కారణము ఈ తగ్గుటయే, వేఱొకటి కాదు. 1940లో మార్కీ అను అమెరికను శాస్త్రజ్ఞుడు రీసస్ కోతి గర్భాశయపు లోపొర తునుకలను ఆ కోతి కంటి ముందరిగదిలో నాటి, పారదర్శకమైన కంటిపొర గుండ ఋతుస్రావమును ప్రత్యక్షముగా చూచెను. హార్మోను తగ్గగానే లోపొర కుంగెను. మెలికల రక్తనాళములు బిగిసికొనెను. రక్తము అందక కణజాలము వాడెను. నాళములు మరల సడలగా రక్తము వెలువడెను. ఆ రక్తనాళములను బిగించునవి ప్రోస్టాగ్లాండినులు. ప్రొజెస్టిరోను ఉన్నంతవరకు వాపును పుట్టించు సంకేతములను అణచియుంచును; ఆ పట్టు సడలగానే ప్రోస్టాగ్లాండినులును, కణముల నడుమనున్న జిగురును కరగించు ఎంజైములును విజృంభించును. గర్భాశయ కండరమును నొక్కి కడుపునొప్పి పుట్టించునవి కూడ ఈ ప్రోస్టాగ్లాండినులే. నెలసరి నొప్పికి ఐబుప్రొఫెను వంటి మాత్రలు పనిచేయుట కిదియే కారణము. అవి ప్రోస్టాగ్లాండినుల ఉత్పత్తిని ఆపును. నొప్పిని ఓర్చుకొనుట స్త్రీధర్మమను మాటకు శాస్త్రమున ఆధారము లేదు. రాలుచున్నప్పుడే మఱియొక ప్రక్క మరమ్మతు మొదలగును. ఆమ్లజని కొఱత తగిలిన కణములే క్రొత్త రక్తనాళములను పిలుచు సంకేతములను పంపును. కొలది దినములలో మచ్చయైనను మిగులక గాయము మానును. దేహమున ఇంత చక్కగా మాను గాయము మఱియొకటి అరుదు.

సాధారణముగా ఒక ఋతువున పోవు రక్తము ముప్పది నలుబది మిల్లీలీటర్లు. ఎనుబదికి మించినచో అధికమని లెక్క. మిల్లీలీటరు రక్తములో ఇంచుమించు అర మిల్లీగ్రాము ఇనుము ఉండును గనుక, ఎనుబది పోయినచో నలుబది మిల్లీగ్రాముల ఇనుము నష్టము. ఆహారమునుండి దేహము దినమునకు గ్రహించునది ఒకటి రెండు మిల్లీగ్రాములు మాత్రమే; అందులో ఒకటి నిత్యవ్యయమునకే సరిపోవును. అందువలన అధికస్రావము గల స్త్రీ ఎంత తినినను అప్పులోనే యుండును. పైన చెప్పిన సర్వేక్షణముననే 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. మగ్గము దగ్గఱ గాని, అగ్గిపెట్టెల పనిలో గాని దినమంతయు కూర్చుండు స్త్రీ అలసట పనివలన వచ్చినదో, నెలనెలయు పోవు రక్తమువలన వచ్చినదో విచారించిన గాని తెలియదు.

ఇప్పుడు గర్భసంచి పాడైనదను మాటకు మరల రావచ్చును. రజస్వలయైన తొలి ఏండ్లలోను, నలుబది దాటి ముట్లుడుగు కాలము సమీపించినప్పుడును, పీ.సీ.ఓ.ఎస్. అనబడు అండాశయ వికారమునందును, అండము విడుదల కాక చక్రము గడచిపోవుట సాధారణము. అండము విడుదల కానిచో కార్పస్ లూటియము లేదు. అది లేనిచో ప్రొజెస్టిరోను లేదు. ఈస్ట్రోజెను మాత్రము పనిచేయుచునే యుండును. పడుగు నుండి పెరుగుమను వార్త పోవుచునే యుండును. ఆగుమను వార్త రాదు. లోపొర అదుపులేక పెరిగి, తన బరువును తానే మోయలేక అచ్చటచ్చట రాలును. అందుచే స్రావమునకు కాలనియమము గాని, మితము గాని లేకపోవును. ఇట్టి స్త్రీకి లోపించినది ప్రొజెస్టిరోను సంకేతము. నెలకు పది పదునాలుగు దినములు ప్రొజెస్టిరోను జాతి మాత్రల నిచ్చుట, లేదా అట్టి హార్మోనును కొంచెము కొంచెముగా విడుచు చిన్న సాధనమును గర్భాశయమున నుంచుట ఆ లోపమును తీర్చును. రెండవ పద్ధతిని ఒకసారి అమర్చినచో కొన్ని ఏండ్లు పనిచేయును. హార్మోనులు పడనివారికి రక్తపుగడ్డ కరగకుండ ఆపు ట్రానెక్సామిక్ ఆమ్లము గలదు. థైరాయిడు లోపము, రక్తము గడ్డకట్టని జబ్బు మొదలగు కారణములును పరీక్షలో తేలవచ్చును. వానిని చక్కదిద్దినచో స్రావమును చక్కబడును.

ఇంతమాత్రముచే స్రావమును నిర్లక్ష్యము చేయవచ్చునని తలచుట అంతకంటె పెద్ద ప్రమాదము. ఏండ్లతరబడి ప్రొజెస్టిరోను అడ్డులేక ఈస్ట్రోజెను ఒంటరిగా పనిచేసినచో లోపొర కాన్సరునకు దారితీయగలదు. 1975లో అమెరికాలో, ముట్లుడిగిన స్త్రీలకు ఈస్ట్రోజెనును మాత్రమే ఇచ్చినందున గర్భాశయ కాన్సరు హెచ్చినదని వెల్లడియైనది. నాటినుండి గర్భాశయమున్నవారికి ప్రొజెస్టిరోను జోడించుచున్నారు. స్థూలకాయుల కొవ్వులో కూడ ఈస్ట్రోజెను తయారగును. వారికిని ఈ ప్రమాదము గలదు. రొమ్ము కాన్సరునకు వాడు టామాక్సిఫెను రొమ్ములో ఈస్ట్రోజెనునకు అడ్డుపడి, గర్భాశయమున మాత్రము దానివలెనే ప్రవర్తించును. ఒకే ఉత్తరమును రెండు ఊళ్ళవారు రెండు విధములుగా చదివినట్లు, గ్రాహకముతో కలిసి పనిచేయు సహాయక ప్రోటీనులు ఒక్కొక్క కణజాలమున ఒక్కొక్క విధముగా నుండుటయే దీనికి కారణము. ముట్లుడిగి ఏడాది గడచిన పిదప ఒక్క చుక్క రక్తము కనబడినను ఆలస్యము చేయక వైద్యునకు చూపవలెను. ఇట్టి చోట సిగ్గు ప్రాణాంతకము.

గర్భసంచి తీసినచో రక్తస్రావము ఆగును, నిజమే. అయితే అండాశయములను ఉంచినను వానికి రక్తప్రసారము కొంత తగ్గి, ముట్లుడుగు మార్పు కాలమునకు ముందే రావచ్చును. వానిని కూడ తీసివేసినచో ముప్పది, నలుబది ఏండ్లకే ఈస్ట్రోజెను అంతరించి ఎముకలు పలుచబడును, గుండెజబ్బుల భయము హెచ్చును. కనుక శస్త్రచికిత్స చేయించుకొనుమని చెప్పబడిన స్త్రీ గాని, ఆమె భర్త గాని, తల్లి గాని వైద్యుని కొన్ని ప్రశ్నలు అడుగవచ్చును. లోపొర మందమును స్కానులో చూచితిరా? ముప్పదియైదు, నలుబది దాటినదైనచో లోపొర తునుకను తీసి పరీక్షకు పంపితిరా? థైరాయిడు, హిమోగ్లోబిను ఎంత? ప్రొజెస్టిరోను చికిత్స ఎన్ని నెలలు ఇచ్చి చూచితిరి? అండాశయములను ఉంచుదురా, తీయుదురా? రెండవ వైద్యుని అభిప్రాయము తీసికొనుటకు మాకు గడువిత్తురా? వేలూరి వంటి పెద్ద వైద్యకేంద్రము ముప్పది కిలోమీటర్ల దూరమున నున్న గుడియాత్తమువారికి ఈ కడపటి ప్రశ్న కష్టమైనది కాదు. ఒకనాడు వైద్యురాలు బండిలో వారియొద్దకు పోయిన దారిన, వారు నేడు బస్సులో ఒక పూటలో పోయి రావచ్చును.